కోర్టు వార్తలు రాయాలంటే లా చదవాల్నా? జిల్లాలో ఉండి లీగల్ జర్నలిస్టుగా బతకొచ్చా?

చెల్లె అడిగింది క్లుప్తంగా ఇది: కల్వకుర్తి దగ్గర ఊరు, డిగ్రీ అయిపోయింది, ఏడాదిగా ఒక పత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా రాస్తున్నది. కోర్టు వార్తల మీద మనసు పడ్డది. ఎల్‌ఎల్‌బీ లేకుండా లీగల్ జర్నలిస్టు కావొచ్చా, దానికి హైదరాబాద్ పోవాల్నా, ఇక్కడే ఉంటే ఇల్లు గడుస్తదా అని అడిగింది. నల్లగొండ కోర్టు వార్తలు రెండు దశాబ్దాలకు పైగా రాస్తున్న కాబట్టి నాకు తెలిసింది చెప్త.

సూటిగా: లా డిగ్రీ తప్పనిసరి కాదు. పని నేర్చుకోవడానికి జిల్లా కోర్టును మించిన చోటు లేదు. కానీ జిల్లాలో ఒక్క కోర్టు వార్తల మీదనే బతకాలంటే కష్టం.

ముందు పైసల సంగతే మాట్లాడుకుందాం, ఎందుకంటే దాన్ని ఎవరూ ముందు చెప్పరు. నేను చూసినంతలో జిల్లా స్థాయిలో లీగల్ రిపోర్టర్ అనే పోస్టు లేదు. క్రైమ్ చూసేటాయనకే కోర్టు కూడా అంటగడ్తరు. కంట్రిబ్యూటర్‌కు వచ్చేది లైన్ అకౌంట్, అంటే అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే పైసలు. కోర్టు హాల్‌లో పొద్దంతా కూర్చొని ఒక సాక్షి విచారణ చూస్తే సాయంత్రానికి చేతికొచ్చేది సింగిల్ కాలం వార్త, ఒక్కోసారి అదీ లేదు, కేసు వాయిదా. అదే పొద్దు నాలుగు ప్రెస్‌మీట్లు తిరిగినోనికి నాలుగు వార్తలు. ఆపైన యాడ్స్ టార్గెట్. దవాఖాన బీటున్నోళ్లకు దవాఖాన యాడ్స్ వస్తయి, ఎడ్యుకేషన్ చూసేటోళ్లకు కాలేజీల యాడ్స్ వస్తయి. వకీళ్లు మాత్రం యాడ్ ఇయ్యొద్దు. వకీళ్లను అదుపులో పెట్టే బార్ కౌన్సిల్ రూల్స్‌లో 36వ రూల్ దానికి అడ్డం. కోర్టు నుంచి వచ్చేవల్లా పేపర్ నోటీసులే. ప్రతివాది దొరకనప్పుడు కోర్టు వేయమనే ప్రకటనలు, భూమి కొనేముందు ఇచ్చే పబ్లిక్ నోటీసులు. వాటి కమీషన్ చిన్నది. అందులో ఒక చిక్కు కూడా ఉంది: నోటీసులిచ్చే వకీలు సాబ్ కేసు గురించే రేపు నువ్వు రాయాల్సి వస్తది. కోర్టు బీటు చూసినంత కాలం నేను ఆ నోటీసులు ముట్టలేదు, ఆఫీసుల వేరే ఆయనకు అప్పజెప్పిన. నువ్వు ఏం చేస్తవో నీ ఇష్టం, కానీ మొదటి నెలలోనే తేల్చుకో.

ఇంకో ఆదాయం పక్కన పెట్టుకునే ఈ పనిలోకి రా. కోర్టు కాగితాలను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తర్జుమా చేసే పనికి గిరాకీ ఉంది, నేను చాలా ఏండ్లు దానితో నెట్టుకొచ్చిన. పైగా రోజూ ఆ భాష కండ్ల ముందు తిరుగుతది.

ఇక ఎల్‌ఎల్‌బీ. సుప్రీంకోర్టులో అక్రెడిటేషన్ (విలేకరిగా అధికారిక గుర్తింపు) కావాలంటే చాలా కాలం లా డిగ్రీ అడిగేటోళ్లు. 2024 అక్టోబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ ఆ నిబంధన తీసేసినట్టు ప్రకటించిన్రు. అంత పెద్ద కోర్టుకే అక్కర లేనిది కల్వకుర్తి కోర్టుకు ఎందుకు? అయినా వీలుంటే చదువుమనే అంట. టీజీ లాసెట్ రాసి మూడేండ్ల కోర్సులో చేరొచ్చు. చదివితే కేసు ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతదో పటం మాదిరి తెలుస్తది. హైదరాబాద్‌లో వార్తలు దిద్దే పత్రికల డెస్కులలో, లీగల్ వెబ్‌సైట్లలో ఉద్యోగానికి పోతే డిగ్రీ ఉన్నోళ్లకు మొగ్గు ఉంటది. అంతవరకే.

ఒక హెచ్చరిక: లా చదువుడు వేరు, అడ్వకేటుగా ఎన్‌రోల్ అవుడు వేరు. మన జిల్లాల్లో నల్లకోటు వేసుకొని, జేబులో ప్రెస్ కార్డు పెట్టుకొని తిరిగేటోళ్లు ఉన్నరు. బార్ కౌన్సిల్ 49వ రూల్ ప్రకారం ప్రాక్టీసు చేసే వకీలు ఇంకోచోట ఫుల్‌టైం జీతానికి పనిచెయ్యొద్దు. 51వ రూల్ కింద రాతకోతలు, పాఠాలు, పార్ట్‌టైం జర్నలిజం పరిమితుల మధ్య చెయ్యొచ్చు. 2024లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో కూడా, వకీలు ఫుల్‌టైం జర్నలిస్టుగా ఉండరాదనే బార్ కౌన్సిల్ చెప్పింది. కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ జోలికి పోకుండా డిగ్రీ చదువు, రాయి. రేపు వకాలత్‌లోకే పోవాలనిపిస్తే అప్పుడు పత్రిక విడిచిపెట్టు.

మన దిక్కు చదువూ రాతా కలిసిన మనుషులు కొత్తేం కాదు. బీఎల్ చదివిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు మనిషే, 1926లో గోలకొండ పత్రిక పెట్టింది ఆయనే. అంతకు నాలుగేండ్ల ముందే, 1922లో, నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. ఈ కాలంలో చూస్తే మాడభూషి శ్రీధర్ విలేకరిగా మొదలుపెట్టి లా ప్రొఫెసర్ అయిన్రు, తర్వాత కేంద్ర సమాచార కమిషనర్‌గా చేసిన్రు. నువ్వు ఏ దారిన ఏడికి పోతవో ఇప్పుడే తేలాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు పని. కోర్టు బీటులో నోటిమాటకు విలువ లేదు, కాగితానికే విలువ. దీని మీద కొంచెం ఎక్కువ చెప్త.

చౌటుప్పల్ దిక్కు రోడ్డు పక్క భూమి కేసు ఒకటి. ఒక వర్గం స్వీట్లు పంచి, మాకే డిక్రీ (భూమి మాదేనన్న తుది తీర్పు) వచ్చిందని ప్రెస్‌నోట్ ఇచ్చింది. రెండో వర్గం అదంతా అబద్ధమన్నది. కొన్ని పత్రికలు మొదటి ప్రెస్‌నోట్ అట్లనే వేసుకున్నయి. నేను ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబర్ కొట్టి ఆర్డర్ తీసి చూస్తే అందులో ఉన్నది తాత్కాలిక ఇంజంక్షన్ (ఫలానా పని చెయ్యొద్దనే ఉత్తర్వు), అదీ ఎదుటోళ్ల మాట వినకముందు ఇచ్చింది, వచ్చే వాయిదా వరకే. భూమి ఎవరిదో ఆ కాగితం ఏమీ తేల్చలేదు. ప్రెస్‌నోట్ చూసి ఆ ప్లాట్లకు బయానా కట్టినోళ్లు ఉన్నరని తర్వాత తెలిసింది. భూముల ధరలున్న మన ప్రాంతంలో కోర్టు వార్త తప్పు పడితే మనుషుల పైసలు పోతయి.

అందుకే ఈ కాగితాలు నీకు కొట్టినపిండి కావాలె. ఎఫ్ఐఆర్, రిమాండ్ రిపోర్టు, చార్జిషీటు, కోర్టు డాకెట్ ఆర్డర్ (వాయిదా రోజు జడ్జి రాసే ఉత్తర్వు), తీర్పు. ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాలు, తీవ్రవాదం వంటి సున్నితమైనవాటికి మినహాయింపు ఉంది. ప్రతి కేసుకు 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబర్ ఉంటది, అది దొరికితే కేసు చరిత్రంతా ఫోన్‌లోనే చూడొచ్చు. సర్టిఫైడ్ కాపీ కావాలంటే కేసుతో సంబంధం లేనోళ్లు కారణం చెప్తూ అర్జీ పెట్టుకోవాలె. టైం పడుతది, కానీ పెద్ద కేసైతే పెట్టు. తీర్పులో ముందు చివరి పేరాలు చదువు, అక్కడ ఏం ఆదేశించిన్రో ఉంటది. తర్వాత మొదటికొచ్చి కారణాలు చదువు.

బెంచ్ క్లర్కు, కోర్టు కానిస్టేబుల్, వకీళ్ల గుమస్తాలు, ఈ ముగ్గురితో మంచిగుండు. పీపీ (ప్రభుత్వం తరఫు వకీలు) గారు చెప్పేది ప్రాసిక్యూషన్ వెర్షన్, డిఫెన్స్ లాయర్ చెప్పేది ఆయన క్లయింట్ వెర్షన్. గుమస్తాకు ఏ వెర్షన్ ఉండదు, ఆయన దగ్గర వాయిదా తేదీ ఉంటది.

వాయిదాల రిజిస్టర్ ఒకటి పెట్టుకో. కేసు నంబర్, కోర్టు, స్టేజీ, వచ్చే తేదీ. నా పేరు ఎప్పుడైనా మంచి బైలైన్‌తో వచ్చిందంటే దాని వెనక ఆ రిజిస్టరే ఉంది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో జరిగిన ప్రణయ్ కులదురహంకార హత్య తెలుసు గదా. ఆ వారం రోజులు దేశంలో ఉన్న చానళ్లన్నీ మిర్యాలగూడలోనే ఉన్నయి. నల్లగొండ ఎస్సీ ఎస్టీ ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2025 మార్చి 10న, ఆరున్నరేండ్లకు. మధ్యలో సాక్షులను విచారించిన రోజుల్లో కోర్టు హాల్‌లో విలేకరులు ఎంతమంది ఉన్నరో చెప్తే నువ్వు నవ్వుతవు.

ఆ తీర్పు రాసేటప్పుడు చట్టం తెలిసినోనికి, తెలియనోనికి తేడా రెండు చోట్ల పడ్డది. మొదటి నిందితుడు 2020లోనే చనిపోయిండు. చనిపోయినాయన మీద కేసు అక్కడికి ముగిసిపోతది. ఆయనను దోషి అని రాయొద్దు, నిర్దోషి అనీ రాయొద్దు. రెండోది, హంతకుడికి ఉరిశిక్ష, మిగిలిన ఆరుగురికి యావజ్జీవం పడ్డది. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించాలె, నేర విచారణ ఎట్ల నడవాలో చెప్పే ఇప్పటి చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 407వ సెక్షన్. అది అయ్యేదాకా ఉరి అమలు కాదు. ఈ ఒక్క వాక్యం వార్తలో లేకపోతే చదివినోళ్లు రేపో మాపో ఉరి తీస్తరనుకుంటరు.

ఇంకో సంగతి కూడా రిజిస్టరే నేర్పింది. అరెస్టు వార్త ఫొటోతో వస్తది, కేసు కొట్టేసిన వార్త రాదు. ఒక పెద్దమనిషి అరెస్టునాటి పేపర్ కటింగ్ మడతపెట్టి తెచ్చిండు. కోర్టు నిర్దోషి అన్నది, బిడ్డకు సంబంధం వస్తే ఎవరో ఈ కటింగే చూపెడుతున్నరు, మరి కొట్టేసింది కూడా వెయ్యరా అని అడిగిండు. తీర్పు చదివి రాసి పంపిస్తే డెస్కు నాలుగు లైన్లు ఇచ్చింది, అది కూడా మూడో రోజు. అప్పటినుంచి అరెస్టు రాసిన ప్రతి కేసునూ రిజిస్టర్‌ల ఎక్కిస్త. డెస్కుతో కొట్లాట ఇప్పటికీ ఉంది.

పేర్ల విషయంలో అసలు ఏమరుపాటు పనికిరాదు. 2019లో బొమ్మలరామారం మండలం హాజీపూర్ కేసు గుర్తుండే ఉంటది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ పోక్సో కోర్టు (పిల్లల మీద లైంగిక నేరాలను విచారించేది) ఉరిశిక్ష వేసింది. ఇటువంటి కేసులు చాలాసార్లు మిస్సింగ్ కేసుగా మొదలైతయి. పిల్ల కనబడ్తలేదన్నప్పుడు ఫొటో వేయాల్సిందే, అది వెతుకులాట. పోక్సో సెక్షన్ పడ్డదంటే మాత్రం ఆ పేరు, ఫొటో, తల్లిదండ్రుల పేర్లు, బడి పేరు అన్నీ ఆగిపోవాలె, పాత వెబ్ వార్తలోనుంచి కూడా తీసేయాలె. పోక్సో 23వ సెక్షన్ కింద పత్రిక యజమాని మీద కూడా బాధ్యత పడుతది. పెద్దోళ్ల మీద అత్యాచారం కేసులకు బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 72, రెండేండ్ల దాకా శిక్ష. బాధితురాలు చనిపోయినా పేరు రాయరాదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంట్లోళ్లు రాసుకోమన్నా సరే, సెషన్స్ జడ్జి అనుమతి లేనిదే కుదరదు. మన ఊర్లల్ల ఇంకో తిరకాసు: పేరు రాయకున్నా తండా పేరు, తండ్రి చేసే పని రాస్తే చాలు, మండలమంతా పోల్చుకుంటది. నేనైతే వార్తలో మండలం పేరు దాటి లోపలికి పోను.

నిందితుల విషయంలోనూ అంతే. 2019 డిసెంబరు 6న, దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులను కాల్చిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన నలుగురిదీ నారాయణపేట దిక్కే. వాళ్ల పేర్లు, ఫొటోలు, ఇండ్లు అన్నీ టీవీలలో తిప్పిన్రు. ఆ తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొస్తే, అందులో ముగ్గురు మైనర్లని ఉంది. మైనర్ పేరు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరునెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేకుంటే రెండూ. 18, 19 ఏండ్లు అని పోలీసులు చెప్పినప్పుడు బడి సర్టిఫికెట్ ఏం చెప్తున్నదని అడుగు. ఆ కమిషన్ నివేదిక దొరికితే చదువు, కాగితాలు ఒకదానికొకటి ఎట్ల పొసగలేదో వరుసగా పట్టుకోవడం ఎట్లనో అందులో కనబడుతది.

కోర్టు ధిక్కారం అంటే కొత్తోళ్లు వణుకుతరు. అంత భయం అక్కరలేదు. 1971 చట్టం 4వ సెక్షన్ ప్రకారం కోర్టులో జరిగింది జరిగినట్టు, నిజాయతీగా రాస్తే ధిక్కారం కాదు. 5వ సెక్షన్ ప్రకారం తుది తీర్పు మీద సముచితమైన విమర్శ చెయ్యొచ్చు. తలుపులు మూసి జరిపే విచారణ రాయొద్దు, జడ్జికి ఉద్దేశాలు అంటగట్టొద్దు. జడ్జి విచారణలో నోటితో అన్న మాటలు కూడా మీడియా రాయొచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఆర్డర్ కాదని మాత్రం వార్తలో స్పష్టంగా ఉండాలె. హాల్‌లో ఫోన్ తీసి ఫొటో కొట్టావంటే మాత్రం ఆ రోజు నిన్ను ఎవరూ కాపాడలేరు.

సెక్షన్ల గందరగోళం గురించి అడగలేదు గానీ చెప్త. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చినయి. హత్యకు ఐపీసీ 302 పోయి బీఎన్ఎస్ 103, మోసానికి 420 పోయి 318. కానీ నేరం జరిగిన తేదీ అంతకు ముందుదైతే ఈనాటికీ ఐపీసీ సెక్షనే. అందుకే కోర్టులో రెండు చట్టాలు పక్కపక్కన ఇంకా చాలా ఏండ్లు నడుస్తయి. తీర్పులో 302 అని ఉంటే డెస్కులో ఎవరో తెలివితో 103గా మార్చకుండా చూసుకో.

ఎవరూ రాయని బంగారు గని మోటార్ యాక్సిడెంట్ కేసులు. మా దిక్కు 65వ నంబర్ హైవే, మీ దిక్కు 44, శ్రీశైలం రోడ్డు. ప్రమాదం జరిగిన రోజు అందరం రాస్తం. పరిహారం ఎట్ల లెక్క కడ్తరో ఒక్కరు రాయరు. 30 ఏండ్ల కూలి మనిషి చనిపోయిండనుకో. ట్రిబ్యునల్ నెలకు 10 వేల సంపాదన అనుకుంటే ఏడాదికి 1.20 లక్షలు. ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 1.68 లక్షలు. ఆధారపడ్డోళ్లు నలుగురుంటే ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తరు, 1.26 లక్షలు. ఆ వయసుకు గుణకం (ఏడాది లెక్కను హెచ్చించే అంకె) 17. మొత్తం 21.42 లక్షలు, దీనికి అంత్యక్రియలు, భార్యాపిల్లల కింద ఇచ్చేవి అదనం. ఇది 2009 సరళా వర్మ, 2017 ప్రణయ్ సేథీ తీర్పుల లెక్క. అదే సంపాదన 15 వేలని రుజువు చేసుకుంటే 32.13 లక్షలు. కూలి రుజువు లేకనే పేదోళ్లు లక్షలు పోగొట్టుకుంటున్నరు. 2022 ఏప్రిల్ నుంచి కేసు ఆరునెలల్లోపు వెయ్యాలనే గడువు కూడా పెట్టిన్రు, దాని మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది. ఈ గడువు తెలియని కుటుంబాలు ప్రతి మండలంలో ఉంటయి. ఇట్లాంటి వార్త రాసిన మర్నాడు నాకు ఫోన్లు ఆగలేదు. హత్య కేసు తీర్పు రాసిన రోజు ఒక్క ఫోన్ రాదు.

ఆడపిల్లవు కాబట్టి ఒక మాట, బోధన అనుకోకు. కోర్టు ఆవరణలో ఆడవిలేకరులు మా దగ్గర వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. చాయ్ బండి దగ్గర వకీళ్లు, పోలీసులు చెప్పుకునే ముచ్చట్లు నీ చెవిన పడకపోవచ్చు, అది నష్టమే. కానీ ఫ్యామిలీ కోర్టు, పోక్సో కోర్టు బయట చెట్టు కింద కూర్చున్న తల్లులు నా దగ్గర నోరు విప్పరు, నీకు చెప్తరు. నాకు దొరకని వార్తలు నీకు దొరుకుతయి. రాత్రి స్టేషన్‌కు రమ్మని ఎవరన్నా అంటే పొద్దున వస్తనని చెప్పు. కాగితం ఎక్కడికీ పోదు.

హైదరాబాద్ సంగతి. 2022 జూన్‌లో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు వచ్చినంక నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటకు సొంత జిల్లా కోర్టులు వచ్చినయి. వెనుకటి లెక్క ప్రతిదానికీ మహబూబ్‌నగర్ పోవాల్సిన పని లేదు. అంటే నీ ఇంటి దగ్గర్నే సెషన్స్ కేసులు చూడొచ్చు. రెండు మూడేండ్లు ఇక్కడ చెయ్యి. ఒక కేసు ఎఫ్ఐఆర్ నుంచి తీర్పుదాకా నీ కండ్ల ముందు నడవాలె. ఆ తర్వాత హైకోర్టు. అక్కడ సాక్షులుండరు, వాదనలే. రిట్ పిటిషన్, కౌంటర్ అఫిడవిట్ వంటి ఇంగ్లిష్ కాగితం వేగంగా చదవగలగాలె. 2023లో మన హైకోర్టు ఒక ఆస్తి కేసులో తెలుగులో తీర్పిచ్చింది గానీ అది అరుదు. లైవ్ స్ట్రీమ్ ఉంది గదా ఇంట్ల కూర్చొని రాద్దామనుకోకు. వాదన వింటవు గానీ కాగితం చూడవు, పైగా దాన్ని రికార్డు చేసి అనుమతి లేకుండా పెడితే ఇబ్బందిలో పడ్తవు. జిల్లాలో ఉండగానే కోర్టు వార్తల వెబ్‌సైట్లు లైవ్‌లా, బార్ అండ్ బెంచ్ రోజూ చదువు, తీర్పును ఎంత పొదుపుగా రాస్తరో తెలుస్తది.

మొదటి పుస్తకంగా బీఎన్ఎస్ కాకుండా బీఎన్ఎస్ఎస్ బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని అసలు చట్టం పుస్తకం) కొను. ఏ నేరానికి ఏ శిక్షో తీర్పులోనే రాసి ఉంటది. రిమాండ్ ఎన్ని రోజులు, బెయిల్ ఎప్పుడు హక్కుగా వస్తది, ఈ ప్రశ్నలు రోజూ వస్తయి. 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడక నిందితుడు బయటికొస్తే ఊరంతా కోర్టును తిడుతది, 187వ సెక్షన్ తెలిసినోడు పోలీసులను అడుగుతడు. కోర్టులో కాల్ వర్క్ (ఆనాటి కేసులను వరుసగా పిలుచుడు) పదిన్నరకు మొదలైతది, పదికే పోయి బెంచ్ క్లర్కుకు నమస్తే పెట్టి ఆనాటి లిస్టు చూడు. సోమవారం మాత్రం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటది, డెస్కు నిన్ను అక్కడికే పొమ్మంటది. అందుకే కోర్టు పని మంగళవారం నుంచి మొదలుపెట్టు.